బ్రిడ్జెట్, బెకీ, రేచల్, జోయా... ఇన్నాళ్లూ ఎక్కడున్నారమ్మా!

సూపు నీలంగా వచ్చింది.

వండింది లండన్‌లో ఒంటరిగా ఉంటున్న, ముప్పై దాటిన, పెళ్లికాని అమ్మాయి. ఎన్నడూ లేనిది స్నేహితుల్ని ఇంటికి భోజనానికి పిలిచింది. పేరుమోసిన షెఫ్ పుస్తకం ముందేసుకుని, నోరు తిరగని ఫ్రెంచి పేర్లున్న వంటకాలు ఎంచుకుంది. సూపులో వేసే కాడలు విడిపోకుండా చేతికందిన దారంతో కట్ట కట్టింది. అది నీలం దారం. ఉడికే కొద్దీ రంగంతా గిన్నెలోకి దిగింది. నారింజపళ్లతో చేయబోయిన తీపి వంటకమేమో మార్మలేడుగా తేలింది. వచ్చినవాళ్లలో మార్క్ డార్సీ అనే పేరున్న లాయరు ఉన్నాడు. అతని మీద తనకు మనసవుతోందన్న సంగతి ఆ అమ్మాయికి అప్పుడప్పుడే తెలిసొస్తోంది. మనకు మాత్రం ఎప్పుడో తెలిసిపోయింది!

ఆ పేజీ దగ్గర పుస్తకం ఒళ్లో బోర్లించి, పైట చెంగుతో కళ్లు తుడుచుకుంటూ పడీ పడీ నవ్వాను. పక్కగదిలోంచి మావారు ఏమైందోనని పరిగెత్తుకొచ్చారు. నవ్వాపుకుని చెప్పబోతే మళ్లీ నవ్వొచ్చింది. ఒక నవల చదివి ఇంతలా నవ్వడం నాకు ఊహ తెలిశాక ఇదే.

మా అక్క కూతురు అమీర్‌పేటలో హాస్టల్ ఖాళీ చేసి బెంగళూరులో ఉద్యోగానికి వెళ్తూ రెండు అట్టపెట్టెల పుస్తకాలు మా ఇంట్లో దించింది. "ఊరికే పెట్టుకోకు పిన్నీ, చదువు. నీకు భలే నచ్చుతాయి," అంది. అన్నిటికంటే పైన ఉన్నది హెలెన్ ఫీల్డింగ్ రాసిన 'బ్రిడ్జెట్ జోన్స్ డైరీ'. నేను పుట్టిపెరిగిందంతా తెలుగు నవలల మధ్య. ఇంగ్లీషంటే నాకు బ్యాంకు సర్క్యులర్లు, ప్రమోషన్ పరీక్షలు. పెళ్లికాని అమ్మాయిలు, వాళ్ల ఉద్యోగాలు, అప్పులు, అమ్మల ఫోన్లు, ప్రేమలు... వీటి చుట్టూ తిరిగే హాస్య నవలలు ఒక పెద్ద బీరువా నిండేటన్ని ఉన్నాయని, వాటికి చిక్ లిట్ అనే పేరు కూడా ఉందని నాకు తెలియనే తెలియదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి ఎవరు దొరికితే వాళ్లకు చెప్తున్నాను. మీరూ దొరికారు.

బ్రిడ్జెట్ డైరీ రాస్తుంది. ప్రతి రోజూ పైన లెక్కలుంటాయి: ఆ రోజు బరువెంత, ఎంత తాగింది, ఎన్ని సిగరెట్లు కాల్చింది, ఎన్ని క్యాలరీలు తిన్నది. జనవరి ఒకటిన మొదలెట్టేటప్పుడు ఆమె బరువు 129 పౌన్లు. అంటే మన లెక్కలో 58 కిలోలు దాటి కాస్త. దానికే ఆవిడ బాధ అంతా ఇంతా కాదు! ఆ లెక్కల పక్కనే చిన్న చిన్న సమర్థింపులుంటాయి: ఇది పండగ తర్వాత కదా, ఇది నిజానికి రెండు రోజుల లెక్క కదా అని. లెడ్జర్లు చూసీ చూసీ కళ్లు కాయలు కాచిన మనిషిని నేను. అంకెలు ఇంత మాట్లాడతాయని, అంకెల పక్కన రాసుకున్న సాకుల్లో ఒక మనిషి మొత్తంగా కనబడుతుందని ఎన్నడూ అనుకోలేదు. ఆమె గురించి మనకు ఎవరూ వర్ణించి చెప్పరు. కోలకళ్లు, బారుజడ, ముత్యాల్లాంటి పళ్లు, ఏమీ ఉండవు. ఒక రోజు సిగరెట్ల అంకె హఠాత్తుగా పెరిగితే చాలు, నిన్న రాత్రి ఫోన్ మోగలేదని మనకు అర్థమైపోతుంది.

ఒక చోటు మరీ దగ్గరగా చూపించాలి. పద్దెనిమిదేళ్లుగా కడుపు మాడ్చుకుంటూ వస్తే ఏప్రిల్లో ఒక రోజు బ్రిడ్జెట్ తాను అనుకున్న బరువుకు దిగుతుంది. దాదాపు 54 కిలోలు. జీవితాశయం నెరవేరింది! బిగుతు గౌను వేసుకుని గర్వంగా పార్టీకి వెళ్తుంది. చూసినవాళ్లు ఏమంటారు? అలిసిపోయినట్టున్నావేంటి, ఒంట్లో బాలేదా అంటారు. టామ్ అనే ప్రాణస్నేహితుడైతే ఇదివరకే బావుండేదానివని తేల్చేస్తాడు. అంతే. ఇన్నేళ్ల తపస్సు ఒక్క ముక్కలో తేలిపోయింది. దీని మీద రచయిత్రి ఉపన్యాసం ఇవ్వదు. ఆడవాళ్ల శరీరాల మీద సమాజం పెత్తనం గురించి వ్యాసాలు నేను చాలా చదివాను, వాటితో ఏకీభవించాను. కానీ ఈ రెండు పేజీలు చదివాక అద్దం ముందు నిలబడి ఊపిరి బిగబట్టడం మానేశాను. ఏ వ్యాసమూ నాచేత ఆ పని చేయించలేదు.

ఇక ఆ అమ్మ! పమేలా జోన్స్ పొద్దున్నే ఫోన్ చేస్తుంది. కొత్త సంవత్సరం రోజున ఉనా ఆంటీ వాళ్లింట్లో టర్కీ కోడి కూర విందు ఉంది, రావాలి. అక్కడికి మార్క్ డార్సీ వస్తున్నాడు, పెద్ద లాయరు, భార్యతో విడిపోయాడు, బోలెడు డబ్బు. చదువుతుంటే ఇది లండన్ కాదు, మా గాంధీనగరం అనిపించింది. సంబంధం చూస్తున్నామని చెప్పకుండా సంబంధం చూపించే నేర్పు ఏ దేశపు అమ్మకైనా ఒకటేనన్నమాట! తీరా అతను ఎలా వచ్చాడు? పసుపూ నీలం డైమండ్లున్న స్వెట్టరు, తేనెటీగల బొమ్మల మేజోళ్లు వేసుకుని. (2001లో వచ్చిన సినిమాలో దుప్పి బొమ్మ స్వెట్టరుగా మార్చారు. నాకు పుస్తకంలో ఉన్న తేనెటీగలే ఇష్టం.) పెళ్లయిన జంటలు మాత్రమే కూర్చున్న బల్ల దగ్గర బ్రిడ్జెట్ ఒక్కతే కూర్చుని తినాల్సొచ్చే ఘట్టం ఇంకొకటుంది. ఇంకా ఎందుకు చేసుకోలేదని అందరూ కలిసి అడుగుతారు. మన గృహప్రవేశాల్లో, సీమంతాల్లో ఆ ప్రశ్న ఎదుర్కోని అమ్మాయి ఎవరుంది! బ్రిడ్జెట్ పైకి ఏదో చెప్పి ఊరుకుంటుంది. లోపల ఆమెకు తట్టే జవాబులు మాత్రం మనకు వినబడతాయి. ఆ వినబడటంలో ఉంది మజా అంతా.

ఈ పుస్తకం పుట్టిన తీరు తెలిశాక ఇంకా ఇష్టం పెరిగింది. హెలెన్ ఫీల్డింగ్ పత్రికల్లో, టీవీలో పనిచేసిన మనిషి. మొదటి నవల 'కాజ్ సెలెబ్' ఆఫ్రికా కరువు, అక్కడికి ఫొటోల కోసం వెళ్లే సెలబ్రిటీల మీద రాసింది. 'ది ఇండిపెండెంట్' పత్రికవాళ్లు, లండన్‌లో ఒంటరి ఆడపిల్ల బతుకు మీద నీ సొంత అనుభవాలే కాలమ్‌గా రాయమని అడిగితే, నా బతుకు నేను రాసుకోను, కావాలంటే ఒక పాత్రను కల్పించి రాస్తానంది. 1995లో తన పేరు లేకుండానే కాలమ్ మొదలైంది, 1996లో నవలగా వచ్చింది. కథ కోసం ఎక్కడికో వెళ్లలేదు. జేన్ ఆస్టిన్ 1813లో వేసిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' కథనే తీసుకుంది. అందుకే హీరోకి డార్సీ పేరు. కాలమ్ మొదలైన 1995లోనే బీబీసీలో ఆస్టిన్ నవల సీరియల్‌గా వచ్చింది, డార్సీగా కాలిన్ ఫర్త్ వేశాడు. దేశంలో ఆడవాళ్లంతా అతని కోసం టీవీకి అతుక్కుపోయారు. పుస్తకంలో బ్రిడ్జెట్ కూడా అతుక్కుపోతుంది. తర్వాత బ్రిడ్జెట్ సినిమాలో మార్క్ డార్సీ వేషం ఎవరికిచ్చారు? కాలిన్ ఫర్త్‌కే! ఇది తెలిసిన రోజు ఒంటరిగా చప్పట్లు కొట్టాను.

రెండో పెట్టెలో అడుగున దొరికింది సోఫీ కిన్సెల్లా రాసిన షాపహాలిక్ మొదటి పుస్తకం. బ్యాంకులో పనిచేసేవాళ్లు దీన్ని తప్పనిసరిగా చదవాలని నా అభిప్రాయం. బెకీ బ్లూమ్‌వుడ్ పొదుపు గురించి సలహాలిచ్చే పత్రికలో విలేకరి. జనానికి ఎక్కడ డబ్బు దాచుకోవాలో చెప్పడం ఆమె వృత్తి. ఆమెకేమో పీకల్లోతు అప్పు. పుస్తకం మొదలయ్యేదే బ్యాంకు ఉత్తరాలతో. ఎండ్‌విచ్ బ్యాంకు, ఫుల్హమ్ బ్రాంచి నుంచి డెరెక్ స్మీత్ అనే ఆయన ఓవర్‌డ్రాఫ్ట్ గురించి రాస్తాడు, ఒకసారి వచ్చి కలవమంటాడు. బెకీ కాలు విరిగిందని రాస్తుంది. ఆయన పాపం, మీ కాలు విరిగినందుకు విచారిస్తున్నామని, నయమయ్యాక రమ్మని జవాబిస్తాడు. ఇంకో జబ్బు వస్తుంది. ఆయన మళ్లీ విచారిస్తాడు. ఉత్తరానికీ ఉత్తరానికీ మధ్య ఆమె ఏం కొన్నదో మనం చూస్తూనే ఉంటాం.

ఇలాంటి రిమైండర్లు రాయడం నా రోజువారీ పని. అవతల చదివే మనిషి గుండె ఎలా కొట్టుకుంటుందో, ఆ కవరు విప్పకుండా సొరుగులో ఎలా తోసేస్తుందో కళ్లకు కట్టినట్టు చూపించింది ఈ పుస్తకమే. అప్పటినుంచి నా ఉత్తరాల్లో ఒక వాక్యం ఎక్కువ రాస్తున్నాను: ఇబ్బంది ఉంటే వచ్చి మాట్లాడండి, దారి చూద్దాం అని. మా మేనేజరుగారు చదివి, బావుందమ్మా, అలాగే ఉంచు అన్నారు.

బెకీకి ఒక స్కార్ఫు కనబడే ఘట్టం గురించి చెప్పకుండా ఉండలేను. డెనీ అండ్ జార్జ్ అనే షాపు. అద్దాల వెనక బూడిద నీలం రంగు స్కార్ఫు, దాని మీద మెరిసే పూసలు. 340 పౌన్లది 120కే! ఎంత ఆదా! ఆ లెక్క ఆమె బుర్రలో ఎలా తిరుగుతుందో చూడాలి. కొంటే డబ్బు పోదు, మిగులుతుంది. పైగా ఇది ఒక్కసారి కొంటే జన్మంతా ఉంటుంది కాబట్టి పెట్టుబడి. ఇంకో ఇరవై పౌన్లు తక్కువైతే, విలేకరుల సమావేశంలో ల్యూక్ బ్రాండన్ అనే పెద్ద కంపెనీ యజమానిని అప్పడిగేస్తుంది. ఎందుకంటే ఆస్పత్రిలో ఉన్న అత్తయ్యకి బహుమతి కొనాలట. ల్యూక్ ఇస్తాడు. అక్కడ పడింది ప్రేమకథకు మొదటి ముడి. పట్టుచీరల ఆడితగ్గింపు బోర్డు ముందు నిలబడ్డ ఏ ఆడమనిషైనా ఈ తర్కం వినగానే గుర్తుపడుతుంది. కిన్సెల్లా దాన్ని అణువణువూ విప్పి, ఒక్కొక్క మెట్టూ సబబుగానే కనబడేలా పేర్చి, చివరి మెట్టు మీద మనల్ని కూడా బెకీ పక్కనే నిలబెడుతుంది. కొనెయ్యమ్మా కొనెయ్, అని నేనే అన్నాను.

కానీ ఇది ఒట్టి కొనుగోళ్ల కథ కాదు. బెకీ అజాగ్రత్తగా చెప్పిన సలహా విని పక్కింటి మార్టిన్, జానిస్ దంపతులు ఫ్లాగ్‌స్టాఫ్ లైఫ్ అనే ఇన్సూరెన్సు కంపెనీలోంచి డబ్బు తీసేస్తారు. కొద్దిరోజులుంటే రావాల్సిన సొమ్ము పోగొట్టుకుంటారు. చిన్నప్పటినుంచీ తనను ఎత్తుకు పెంచినంత ప్రేమగా చూసిన ముసలివాళ్లు. అక్కడ బెకీ మారుతుంది. ఆ కంపెనీ తన పాత ఖాతాదార్లకు ఏం చేసిందో కూపీ లాగి, కూర్చుని మనసు పెట్టి రాస్తుంది. రాయడం తనకు వచ్చని, లెక్కలు తనకు నిజంగానే తెలుసని అప్పుడు ఆమెకే తెలుస్తుంది. ఆ కంపెనీ తరపున ప్రచారం చూసేది ఎవరో కాదు, ల్యూక్. ఇద్దరూ టీవీలో ఎదురెదురుగా కూర్చుంటారు. అంతసేపూ నవ్వించిన అమ్మాయి అక్కడ తడబడకుండా మాట్లాడుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. కిన్సెల్లా కూడా మొదట్లో ఆర్థిక విషయాల విలేకరే. అందుకే అందులో పాలసీల గొడవ అంత పకడ్బందీగా ఉంది.

ఆవిడ అసలు పేరు మాడలిన్ విక్కమ్. ఆ పేరుతో అప్పటికే నవలలు రాసి పేరు తెచ్చుకుంది. ఈ కొత్త రకం నవలను మాత్రం తన ప్రచురణకర్తకే మారుపేరుతో, తనెవరో చెప్పకుండా పంపింది. పేరు చూసి కాక పుస్తకం చూసి తీసుకోవాలని. తీసుకున్నారు! 2000లో అచ్చయింది. ఇరవై ఏళ్లకు పైగా లోకాన్ని నవ్వించాక తనకు మెదడులో కేన్సర్ అని 2024లో చెప్పింది. ఆ ఏడాదే, అలాంటి జబ్బు చేసిన రచయిత్రి కథను 'వాట్ డజ్ ఇట్ ఫీల్ లైక్?' అని చిన్న నవలగా రాసింది. 2025 డిసెంబరులో వెళ్లిపోయింది. నేను ఆమెను కనుక్కునేసరికే ఆమె లేదు. ఆ చివరి పుస్తకంలో కూడా నవ్వించే చోట్లున్నాయని మా అక్క కూతురు చెప్పింది. చదవడానికి ధైర్యం కూడగట్టుకుంటున్నాను.

మేరియన్ కీస్‌ది ఐర్లండ్. ఆమె 'రేచల్స్ హాలిడే' దగ్గర నేను కదలకుండా కూర్చుండిపోయాను. రేచల్ వాల్ష్‌కి ఇరవై ఏడేళ్లు, న్యూయార్క్‌లో ఉంటుంది. మత్తుమందులు మోతాదు మించి ఆస్పత్రిలో పడితే ఇంట్లోవాళ్లు డబ్లిన్‌కి లాక్కొచ్చి క్లోయిస్టర్స్ అనే చికిత్సాలయంలో చేర్పిస్తారు. రేచల్ మనతో ఏం చెప్తుందంటే, తనకు అలవాటేమీ లేదు, అందరూ అనవసరంగా హడావిడి చేస్తున్నారు, ఐనా సరే, అక్కడ వేడినీళ్ల జకూజీ, జిమ్ము, సినిమావాళ్లు ఉంటారు కాబట్టి సెలవులకు వెళ్లినట్టు ఉంటుందని. వెళ్లాక జకూజీ ఎక్కడా కనబడదు. పొద్దున్నే లేచి అందరికీ టిఫిన్ వండే వంతు పడుతుంది! ఆమె చెప్పే ప్రతి మాటా నవ్వు పుట్టిస్తుంది, మనం నమ్ముతాం. ఆమె పక్షాన నిలబడి డాక్టర్లను, జోసెఫిన్ అనే కౌన్సెలర్ సిస్టరును తిట్టుకుంటాం. ఒక రోజు ఆమె స్నేహితురాలు బ్రిజిట్, ప్రియుడు ల్యూక్ (ఈయన ఇంకో ల్యూక్) న్యూయార్క్ నుంచి వచ్చి, అందరి ముందూ కూర్చుని, వాళ్లు చూసింది చూసినట్టు చెప్తారు. అంతవరకూ రేచల్ నవ్వుతూ చెప్పిన రాత్రులే అవి. వాళ్ల నోట వింటుంటే ఒక్కొక్కటీ వేరేలా ఉంది. అంత నవ్వించి, ఆ నవ్వులోంచే నన్ను అలా నిలబెట్టేసిన రచయిత్రికి చేతులెత్తి దణ్ణం పెట్టాను. తాగుడు వ్యసనంలోంచి తానే బయటపడ్డ మనిషి కీస్. ఆ అబద్ధాలు ఎలా పుడతాయో, మనిషి వాటిని ఎంత ప్రేమగా పెంచుకుంటుందో లోపలినుంచి తెలుసు.

అసలు నన్ను పిచ్చిదాన్ని చేసింది ఇదే. ఈ నవలల్లో అమ్మాయి మనతో నేరుగా మాట్లాడుతుంది, దాదాపు ప్రతిసారీ తనకు తాను ఒక అబద్ధం చెప్పుకుంటూ ఉంటుంది. రేపటినుంచి తిండి తగ్గిస్తాను, ఇది ఖర్చు కాదు, నాకు అలవాటు లేదు, అతనంటే నాకు లెక్కే లేదు. ఆ అబద్ధం ఆమెకంటే ముందు మనం పసిగడతాం. నవ్వు అక్కడే పుడుతుంది. అయినా ఆమె మీద కోపం రాదు, జాలి కూడా రాదు, ప్రేమ పుడుతుంది. ఎదురుగా కూర్చున్న చెల్లెలు కబుర్లు చెప్తుంటే నోటి మాట ఒకటీ కళ్లు చెప్పే మాట ఒకటీ అయినప్పుడు కలిగే ముద్దు అది. తప్పు చేసిన ఆడపిల్లను కథ శిక్షించకపోవడం, బావిలో దూకించకపోవడం, ఏడిపించి బుద్ధి చెప్పకపోవడం ఎంత హాయిగా ఉందో నేను మాటల్లో పెట్టలేను. సూపు నీలమైనా ఎవరూ చావలేదు. స్నేహితులు నవ్వుకున్నారు, కడుపు నింపుకున్నారు, ఒకతను ఇంకా దగ్గరయ్యాడు.

ఇవి నురగలాంటివని, వీటిల్లో కాలం వృథా చేసుకోవద్దని ఇంగ్లండులో పెద్ద రచయిత్రి బెరిల్ బెయిన్‌బ్రిడ్జ్ 2001లో అంది. డోరిస్ లెస్సింగ్ కూడా వంత పాడింది. ఇద్దరూ నాకు గౌరవం ఉన్నవాళ్లే, ఈ ఒక్క మాటకు మాత్రం నేను ఒప్పుకోను. రేచల్ చికిత్సాలయంలో నురగ ఎక్కడుంది? జేన్ ఆస్టిన్ పెళ్లీడు అమ్మాయిల గురించి, సంబంధాల గురించి, అమ్మల ఆరాటం గురించి నవ్విస్తూనే కదా రాసింది. ఆమెను రెండొందల ఏళ్లుగా నెత్తిన పెట్టుకున్నారు. బ్రిడ్జెట్ సిగరెట్టు కాలుస్తుందని పక్కన పెడతారా?

మన దగ్గర ఇలాంటి మాటలు పడ్డ తరం ఒకటి ఉంది. అరవైల్లో యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వస్తుంటే ఊరూరా ఆడవాళ్లు పత్రిక కోసం కాచుకున్నారు. మా అమ్మ అద్దె లైబ్రరీలో తెచ్చుకుని, అన్నం వార్చే టైమ్‌లో కూడా చేతిలోంచి దించేది కాదట. ఉద్యోగం చేసే పెళ్లికాని జయంతి, ఆమె అభిమానం, రాజశేఖరం కారు. 1976లో అది సినిమా కూడా అయింది. కాలక్షేపం నవలలని విమర్శకులు పెదవి విరిచినా ఇప్పటికీ ముద్రణలు పడుతూనే ఉన్నాయి. మా అమ్మకి బెకీ కథ తెలుగులో చెప్పాను. స్కార్ఫు దగ్గర, "అదేం పిల్లే, మన ఇంటి పిల్ల లాగే ఉందే!" అని నవ్వింది. జయంతి చాలా గొప్ప పిల్ల, తలవంచదు. అంత ఎత్తున నిలబడ్డ పిల్లను చూసి మా అమ్మ తరం వెన్ను నిటారు చేసుకుంది. బెకీ, బ్రిడ్జెట్ మన పక్కనే చాప మీద కూర్చుంటారు. నాకు ముగ్గురూ కావాలి.

మన దేశంలో ఇంత బాగా రాసేవాళ్లున్నారా అని అడిగితే మా పిల్ల అనుజా చౌహాన్ పుస్తకాలు తీసిచ్చింది. ఇక్కడ నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఎక్కడో లండన్ వానలో కాదు, ఢిల్లీ కరోల్‌బాగ్ సందుల్లో కథ! 2008లో వచ్చిన 'ది జోయా ఫ్యాక్టర్'లో జోయా సింగ్ సోలంకీ ఒక అడ్వర్టైజింగ్ ఏజెన్సీలో మామూలు ఉద్యోగి. పుట్టింది సరిగ్గా 1983లో మనవాళ్లు ప్రపంచకప్ గెలిచిన నిమిషాన. ఒకసారి షూటింగ్ పని మీద వెళ్లి క్రికెట్ జట్టుతో కలిసి టిఫిన్ తింటుంది, మనవాళ్లు గెలుస్తారు. మళ్లీ తింటుంది, మళ్లీ గెలుస్తారు. ఇంకేముంది! బోర్డువాళ్లు ఆమెను అదృష్ట దేవతను చేసి ప్రపంచకప్‌కి ఆస్ట్రేలియా తీసుకుపోతారు. ఆ జట్టు కెప్టెన్ నిఖిల్ ఖోడా మాత్రం అదృష్టాన్ని నమ్మడు, ఆటను నమ్ముతాడు. తను ప్రేమించినవాడు తన వల్ల గెలిచానని ఒప్పుకోడు, ఒప్పుకుంటే అతని కష్టానికి విలువ లేదు. ఒప్పుకోకపోతే దేశమంతా కొబ్బరికాయలు కొడుతున్న తనకు విలువ లేదు. నవ్వుతూ నవ్వుతూ ఎంత చిక్కుముడి వేసిందో చూశారా! మ్యాచ్ చూసేటప్పుడు కూర్చున్న కుర్చీలోంచి కదలనివ్వని ఇళ్లు మనవి. మాకు ఈ కథ వివరించి చెప్పక్కర్లేదు. జోయా వాళ్ల పిన్నమ్మ రింకూ చాచీ మాట్లాడుతుంటే వంటింట్లో తాలింపు చిటపటలు కూడా వినబడ్డాయి నాకు.

చౌహాన్ చాలా ఏళ్లు జేడబ్ల్యూటీ ఏజెన్సీలో పెప్సీ ప్రకటనలు రాసింది. ఏ దిల్ మాంగే మోర్ ఆవిడ పుట్టించిందే. నాలుగు మాటల్లో జనాన్ని పట్టుకునే విద్య ఆ చేతికుంది. అది నవలలో ప్రతి సంభాషణలో కనబడుతుంది. హిందీ, ఇంగ్లీషు, పంజాబీ ఒకే వాక్యంలో కలిసి పరుగెడతాయి, మన ఇళ్లలో తెలుగూ ఇంగ్లీషూ కలిసినట్టే.

'దోజ్ ప్రైసీ ఠాకూర్ గర్ల్స్' ఇంకా ఇష్టం నాకు. 2013లో వచ్చింది, కథ ఎనభైల ఢిల్లీలో, హైలీ రోడ్డు మీద. రిటైరైన జడ్జిగారికి ఐదుగురు కూతుళ్లు: అంజినీ, బినోదినీ, చంద్రకాంత, దేబ్జానీ, ఈశ్వరీ. ఇంగ్లీషు అక్షరమాల వరసలో పేర్లు పెట్టేశారు! నాలుగో పిల్ల దేబ్జానీకి టీవీలో వార్తలు చదివే ఉద్యోగం వస్తుంది. దేశానికి ఒకే చానల్ ఉన్న కాలం. మా ఇంట్లో దూరదర్శన్‌లో శాంతిస్వరూప్ వార్తలు మొదలైతే మా తాతగారు ఎవర్నీ దగ్గనిచ్చేవారు కాదు. కాబట్టి మొదటిసారి కెమెరా ముందు కూర్చోబోతున్న ఆ పిల్ల భయం, ఇంట్లో, వీధిలో, బంధువుల్లో రేగిన హడావిడి చదువుతుంటే నేనే పౌడరు రాసుకుని స్టూడియోలో కూర్చున్నట్టుంది. ఆమె వార్తలు చదివిన తీరును పత్రికలో ఎవరో పేరు లేకుండా చీల్చి చెండాడతారు. రాసింది డిలన్ సింగ్ షెఖావత్. అతనే ఆమె ప్రేమలో పడతాడు. రాసింది నేనేనని ఎప్పుడు చెప్తాడు, చెప్తే ఏమవుతుంది! ప్రభుత్వం చెప్పమన్నదే చదివే వార్తలకు, అది దాచింది బయటపెట్టే విలేకరికి మధ్య ప్రేమ. దేశం సంగతులు ఎంత సులువుగా ఆ ఇంటి హాల్లోకి వచ్చి కూర్చున్నాయో!

మొదట ఏది పట్టుకోవాలని మా బ్రాంచిలో అమ్మాయిలు అడుగుతున్నారు. అక్కచెల్లెళ్ల మధ్య పెరిగినవాళ్లకు ఠాకూర్ అమ్మాయిల్నే ఇస్తున్నాను. క్రెడిట్ కార్డు బిల్లు చూసి నిట్టూర్చే పిల్లకు బెకీని ఇచ్చాను. మర్నాడు లంచ్ టైమ్‌లో వచ్చి, "మేడమ్, డెరెక్ స్మీత్ మీరే కదా!" అంది. ఎంత పొంగిపోయానో! ముప్పై రెండేళ్లొచ్చినా పెళ్లి చేసుకోనని ఇంట్లో పోట్లాడుతున్న క్యాషియరమ్మాయి బ్రిడ్జెట్‌ను తీసుకెళ్లి తిరిగివ్వలేదు. ఇవ్వక్కర్లేదని చెప్పేశాను, ఇంకొకటి కొనుక్కుంటాను. రేచల్‌ను మాత్రం ఎవరికిచ్చినా కాస్త తీరిక చూసుకుని మొదలెట్టమని చెప్పి ఇస్తున్నాను.

నిన్న మా పిల్ల ఫోన్ చేసింది. "ఎక్కడిదాకా వచ్చావు పిన్నీ?" అంది. చౌహాన్ 'బాటిల్ ఫర్ బిట్టోరా'లో ఉన్నానన్నాను. ముంబై యానిమేషన్ స్టూడియోలో హాయిగా బొమ్మలు గీసుకుంటున్న జిన్నీని, రాజకీయాల్లో తల పండిన పుష్పా పాండే, నా మనవరాలివి కదా పదమని ఎన్నికల ఊళ్లోకి లాక్కెళ్తోంది. చౌహాన్ అత్తగారు రాజకీయ నాయకురాలు మార్గరెట్ ఆల్వా, కాబట్టి ఎన్నికల ప్రచారం ఇంట్లోనే చూసి ఉంటుంది, రుచి తెలుస్తోంది. ఎదుటి పార్టీ అభ్యర్థి జైన్ అల్తాఫ్ ఖాన్ ఇప్పుడే వచ్చాడు, చిన్నప్పటి స్నేహితుడట, అందగాడట. "అతను ఉన్నాడు చూశావూ, చివర్లో..." అని మా పిల్ల ఏదో చెప్పబోయింది.

"నోరు మూసుకోవే," అని ఫోన్ పెట్టేసి పుస్తకం తెరిచాను.